పువ్వు ఫోటో సరే, ఆకు కింద ఫోటో ఏది?

ఈ పోస్టుకి జత చేసిన వీడియోలో మా పెరటి చిక్కుడు పందిరి చూశారు కదా. కెమెరా ముందు చెప్పడానికి మొహమాటపడిన సంగతి ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

కిందటి చలికాలం, సంక్రాంతి ఇంకా నెల రోజులుందనగా పందిరి నిండా ఊదారంగు పూలు. పొద్దున్నే ఫోన్ దగ్గరగా పెట్టి ఒక పూగెల ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. అదే రోజు సాయంత్రం లేత చిగుళ్ల మీద నల్లగా పేనుబంక కనపడింది. కనపడ్డాక చెయ్యి ఊరుకుంటుందా? వేపనూనె, సబ్బు నీళ్లు కలిపి చిగుళ్లు తడిసి కారేదాకా కొట్టాను. మర్నాటికి బంక చాలావరకు పోయింది. పది రోజులు తిరిగేసరికి ముందున్న దానికంటే ఎక్కువొచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ వచ్చింది. పండక్కి మా పందిరి చిక్కుడుకాయలే వండాలనుకున్నవాళ్లం, చివరికి సంతలో కొనుక్కొచ్చాం.

తర్వాత ఒకరోజు మా అమ్మాయి ఆ స్టేటస్ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, "నాన్నా, ఈ మూల ఉన్నవేంటి?" అంది. పూల వెనక కాడ మీద, కాస్త మసగ్గా, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో బుల్లి మొసళ్లలాంటివి నాలుగున్నాయి. అక్షింతల పురుగు పిల్లలు! బంకని తినడానికి అవి ముందే వచ్చి పనిలో దిగాయి. నేను సాయంత్రం వెళ్లి వాటినీ కలిపి సబ్బు నీళ్లతో తడిపేశాను. "అయితే నువ్వు మందు కొట్టింది బంకకి కాదు, దాని మొగుడికి" అని మా అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫోటో పొద్దున్నే నా చేతిలో ఉంది. నేను చూసింది పువ్వునే.

అప్పటినుంచి నాదొక మొండి అభిప్రాయం. ఫోటో తీసి, పెద్దది చేసి చూడకుండా మొక్క మీద ఏదీ కొట్టకూడదు. కషాయమైనా సరే.

మనవాళ్లలో ఒక ధీమా ఉంది. మనం వాడేది వేప, ఆవు మూత్రం, పచ్చిమిర్చి, వెల్లుల్లి కాబట్టి మిత్రపురుగులకు ఏమీ కాదని. సబ్బు నీళ్లకి మిత్రుడెవరో శత్రువెవరో ఏం తెలుసు? మెత్తటి ఒళ్లున్న చిన్న పురుగు ఏది తడిసినా దెబ్బే. పైగా లెక్క మనకి ఎదురు తిరుగుతుంది. పేనుబంకలో ఆడది మగదానితో పనిలేకుండానే పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లలు పెట్టే స్థితికి వస్తాయి. అక్షింతల పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. రెండిటినీ ఒకేసారి చంపితే ముందు తేరుకునేది ఏది? నా పందిట్లో జరిగింది అదే.

ఇక గ్రూపుల్లో వచ్చే ఫోటోల సంగతి. ఒక రకం ఫోటోల్లో పువ్వు మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి, మంచు బిందువులని పెడతారు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను, నేనూ పెడతాను. ఇంకో రకం, నిలబడి దూరం నుంచి తీసిన మసక ఫోటో, కింద "ఏం కొట్టాలి సార్?" అని. అది తెల్లదోమో తామరపురుగో ఫోటోలో తేలదు. అయినా నిమిషంలో పదిమంది "వేపనూనె" అని పెడతారు. ఆ జవాబులంటే నాకు భయం. అడిగినవాళ్ల తప్పు లేదు, చూడకుండా చెప్పేవాళ్లదే తప్పు.

పనికొచ్చే ఫోటోకి పెద్ద కెమెరా అక్కర్లేదు. ఫోన్‌ని ఆకుకి మరీ ఆనించేస్తే ఫోకస్ పట్టదు. కొంచెం వెనక్కి జరిగి రెండింతలు జూమ్ పెడితే సరిగ్గా పడుతుంది. కొన్ని ఫోన్లలో మాక్రో అని విడిగా ఉంటుంది, అది ఉంటే ఇంకా మంచిది. పొద్దున్నే ఎండ ముదరకముందు గాలి తక్కువ, పురుగులు కూడా చలికి మందంగా ఉంటాయి, పారిపోవు. ఫ్లాష్ వద్దు. నడినెత్తిన ఎండ ఉంటే మీ నీడే ఆకు మీద పడనివ్వండి. ఎడమ చేత్తో ఆకు వెనక్కి తిప్పి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నాలుగైదు వరసగా తీయండి, ఒకటన్నా బాగా వస్తుంది. పక్కన వేలి గోరు కనపడేలా పెడితే పురుగు సైజు ఎంతో తెలుస్తుంది. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. జీవామృతం కలిపిన చేత్తోనే ఫోన్ పట్టుకునే మనకి ఈ మాట మరీ ముఖ్యం.

ఆకు కింద ఏం కనపడతాయంటే, పసుపు కలిపిన బియ్యపు గింజల్లా నిలువుగా పేర్చిన గుడ్లు ఉంటే అవి అక్షింతల పురుగువి, ఆ ఆకు ముట్టుకోవద్దు. సన్నటి వెంట్రుకలాంటి కాడ చివర గుడ్డు నిలబడి ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది. బంక గుంపులో కొన్ని ఉబ్బి, ఎండిన గోధుమ గింజ రంగులోకి మారి కదలకుండా ఉంటే, వాటి లోపల బుల్లి కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం. వీపు మీద గుండ్రటి కంత కనపడితే అది బయటికొచ్చేసింది కూడా.

మందారం మీద పిండినల్లి విషయంలో మరీ జాగ్రత్త. దాన్ని తినే క్రిప్టోలీమస్ అనే పురుగు పిల్ల కూడా ఒంటి నిండా తెల్లటి మైనం దారాలతోనే ఉంటుంది. మామూలు కంటికి రెండూ ఒకటే. దగ్గరి ఫోటోలో దారాలు పొడుగ్గా చిందరవందరగా కనపడతాయి. వీడియో తీస్తే ఇంకా తేలిక, అది చురుగ్గా నడుస్తుంది, పిండినల్లి ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. మా పక్కింటి పెద్దమ్మ పాత టూత్‌బ్రష్‌తో రెండిటినీ కలిపి రుద్దేస్తుంటే ఫోన్‌లో చూపించాను. "ఓరి నీ! ఇన్నాళ్లూ మనవాళ్లనే తోమేశానా?" అంది.

పువ్వు ఫోటోలు తీయొద్దని కాదు, తీస్తే లోపలికి తీయండి. వంగ పూత రాలిపోతోందని ఎంతమంది బాధపడతారో! పూసిన పువ్వుని ఎదురుగా దగ్గరినుంచి తీసి చూడండి. మధ్యలో పసుపుపచ్చ కేసరాలు గుత్తిగా ఉంటాయి. ఆ గుత్తిని దాటి పచ్చటి కీలం ముందుకు పొడుచుకొచ్చిన పువ్వు కాయ నిలుపుతుంది. కీలం పొట్టిగా ఉండి గుత్తి లోపలే దాగితే ఆ పువ్వు మామూలుగా రాలిపోతుంది. అది రోగం కాదు, వంగ తీరే అంత. ఒకే మొక్క మీద రెండు రకాలూ పూస్తాయి. కేసరాల కొసన సూదిమొనంత రంధ్రాలు కూడా ఫోటోలో పడతాయి. పుప్పొడి వాటిలోంచే రాలాలి. నల్ల తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని జుమ్మని ఒళ్లు వణికిస్తే అది రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య రాదు. ఇది చూశాక నేను పూత రాలిందని పరిగెత్తి ఏదో ఒకటి పిచికారీ చేయడం మానేశాను, తుమ్మెదలు గూడు పెట్టుకునే ఎండు వెదురు బొంగులు పందిరి పక్కనే వదిలేశాను.

ప్రకృతే చూసుకుంటుంది, ఈ ఫోటోలెందుకు అని ఒక మిత్రుడు అన్నాడు. ప్రకృతి చూసుకుంటుంది సరే, మధ్యలో స్ప్రేయర్ పట్టుకుని వెళ్లేది మనమే కదా.

ఈ ఏడు చిక్కుడు మీద మళ్లీ బంక వచ్చింది. వరసగా ఆరు రోజులు అదే చిగురు, అదే వైపు నుంచి తీశాను. తేదీ ఫోన్‌లోనే ఉంటుంది, రాసుకునే పని లేదు. మూడో రోజు పసుపు గుడ్లు, ఆరో రోజుకి గుడ్లు పగిలి నల్లటి పిల్లలు. స్ప్రేయర్ పాకలో మేకుకే వేలాడుతోంది. ఒక్క చీమల సంగతే తేలాల్సి ఉంది. బంక కార్చే తీపి కోసం అవి కాపలా కాస్తూ, అక్షింతల పురుగు పిల్లల్ని తరిమేస్తున్నాయి, ఇవాళ్టి వీడియోలో అది స్పష్టంగా పడింది. పందిరి గుంజల మొదట్లో గుడ్డ చుట్టి గ్రీజు రాశాను, కొమ్మలు గోడకి తగిలే చోట కత్తిరించాను. రేపు పొద్దున్న మళ్లీ ఫోటో తీసి చూడాలి.