పాట వెనక చిట్టా

విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో లెక్కకు వచ్చిన శుల్క వివాహాలు 1034. ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందుల వెల తలా 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు కనుక జాబితా పూర్తిది కాకపోవచ్చన్న మాట కూడా అక్కడే ఉంది. ఇది ఏ సర్కారు నివేదికలోదో కాదు. 1897లో ‘కన్యాశుల్కం’ నాటకం మొదటిసారి అచ్చయినప్పుడు గురజాడ అప్పారావు దానికి ఇంగ్లిషులో రాసిన ముందుమాటలోది. అంతకు పదేళ్ళ కిందట విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఈ జాబితా తయారుచేయించారు.

ఆ నాటకంలోని గిరీశం మాటలు నోటికి రాని తెలుగు పాఠకుడు అరుదు. ఈ జాబితా సంగతి తెలిసినవాడు అంతకన్నా అరుదు. కానీ నాటకం నిలబడింది ఆ లెక్క మీదే. గురజాడ విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. తర్వాత సంస్థానం దావా కోసం పాత కాగితాల దుమ్ము దులిపారు. వాడుక భాష కోసం 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చినప్పుడు కూడా ఆవేశాన్ని నమ్ముకోలేదు, ఆధారాలు పేర్చారు. రికార్డు చూడనిదే కలం పట్టని మనిషి ఆయన.

శ్రీకాకుళం, విజయనగరం సీమల్లో సమాజాన్ని కదిలించిన వారి కథను మనం పాటల కథగా, నాటకాల కథగా చెప్పుకోవడానికి అలవాటు పడ్డాం. అది సగమే. రెండో సగం చిట్టా రాసిన వాళ్ళది. లెక్కపెట్టడం, రాసిపెట్టడం, దాచిపెట్టడం అనే విసుగు పుట్టించే పనిని ఇక్కడి కళాకారులు, సంస్కర్తలు తమ పనిలో భాగంగానే చేశారు. మొదటి సగానికి విగ్రహాలు నిలబెట్టి, రెండో సగాన్ని గాలికి వదిలేశామన్నదే నా ఫిర్యాదు.

అలాగని లెక్కలకు లేని శక్తిని అంటగట్టనక్కర్లేదు. 1034 పెళ్ళిళ్ళ జాబితా చేతిలో ఉన్నా కన్యాశుల్కాన్ని మాన్పించే చట్టం అప్పట్లో రాలేదు. నాటకం చూసి జనం మారిపోయారనడమూ అతిశయోక్తే. ఆడపిల్లకు వెల కట్టిన సమాజమే ఆ తర్వాత మగపిల్లవాడికి కట్టింది. గురజాడకూ ఇది తెలిసే ఉండాలి. 1909 నాటికి నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. అందులో దురాచారం కన్నా మనుషులు పెద్దవాళ్ళయ్యారు. లెక్క చట్టసభలో ఓడిపోయినా నాటకానికి మాత్రం నేలనిచ్చింది.

గిడుగు రామమూర్తి దగ్గరికి వస్తే ఈ రెండో సగం ఇంకా తేటగా కనిపిస్తుంది. 1863లో శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులైన మనిషి. సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనిపించింది. పుస్తకాల్లేవు, నేర్పే బడి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చారు. మన్యంలో తిరిగి తిరిగి జ్వరాలపాలై, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి కొండలెక్కిన మనిషికి చెవులే లేకుండా పోయాయి. అయినా పని ఆగలేదు. సవర వ్యాకరణం 1931లో వచ్చేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, నిఘంటువు 1938లో వచ్చేసరికి డెబ్బై అయిదు.

ఆ సవర చదువుల సంగతి పక్కకు పోయి, గిడుగు మనకు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే మిగిలారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వేదికల మీద తెలుగు గొప్పదనాన్ని పొగుడుకుంటాం. తెలుగు పంతులు తెలుగుకాని భాష ముందు విద్యార్థిగా కూర్చున్న సంగతి ఆ సభల్లో ఎంతసేపు వినబడుతుందో వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఉపకారం చేయడానికి వెళ్ళి ఉపన్యాసమిచ్చి వచ్చేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ముందు నేర్చుకుని, తర్వాత నేర్పినవాళ్ళే తక్కువ. ఇంకో సంగతి. 1936లో కొండల అవతల, ఒడిశా వైపు మంగెయి గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. ఒక జాతికి బయటివాళ్ళు చేసిపెట్టగలిగేది కొంతే, మిగతాది వాళ్ళే చేసుకుంటారు. గిడుగు గొప్పదనం దీనివల్ల తగ్గదు, దాని హద్దు తెలుస్తుంది.

గిడుగు సొంత డబ్బుతో చేసిన పనిని ప్రభుత్వం 2004లో అందుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవరతో కలిపి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టారు. పుస్తకాలు అచ్చయ్యాయి. పుస్తకం ఒకటే చాలదు, పిల్ల అడిగిన దానికి ఆ భాషలోనే బదులిచ్చే మాస్టారు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కోర్టు అంది. ఆ తీర్పు మీద వాదించుకుంటూనే ఉన్నాం. వాదనలో మరుగున పడిన దారి ఇంకొకటుంది: సవర పిల్లలకు చెప్పే ఉద్యోగానికి సవర రావడాన్నే అర్హత చేయడం. కులాన్ని చూడకుండా భాషను పరీక్షించే నియామకం మీద ఎవరికైనా ఏం అభ్యంతరం ఉండాలి? గిడుగు లాంటి బయటివాడు పాసవుతాడు, భాష మరిచిపోయిన స్థానికుడు తప్పుతాడు. న్యాయమే కదా.

సర్కారు లెక్కకూ జనానికీ మధ్య తగవు ఎంత దూరం పోగలదో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూసింది. ఉద్దానం పక్కన బీల అని పిలుచుకునే తడి నేల. చేపలు పట్టేవాళ్ళకూ, చుట్టుపక్కల పొలాలకూ ఆ నీరే ఆధారం. థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించిన కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. నీళ్ళున్న చోట నీళ్ళున్నాయని రుజువు చేయాల్సిన గతి ఆ ఊళ్ళకు పట్టింది. ఒకపక్క ధర్నాలు, ఇంకోపక్క ఢిల్లీలో అప్పీలు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కాగితం గెలిచిందని సంతోషించే రోజు కాదది. కానీ వీధిలో ఎత్తిన గొంతు ఒక్కటే ఉండి, బీల గురించిన వివరాలు ఎవరూ కూర్చి పెట్టకపోయి ఉంటే ఆ రద్దు ఉత్తర్వు వచ్చేది కాదు. కిడ్నీ జబ్బుతో అదే ఉద్దానం పల్లెలు ఏళ్ళుగా పడుతున్న పాట్లకు కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. నికరాగ్వా చెరకు తోటల్లో, శ్రీలంక వరి మళ్ళలో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడైనా ఇక్కడైనా ఆస్పత్రి కట్టడం ఒక పని, ఇంటింటికీ తిరిగి ఏళ్ళ తరబడి రాసుకోవడం వేరే పని. రెండోదానికి శిలాఫలకం ఉండదు.

నా మాటకు అడ్డు వచ్చే మనిషి ఒకరున్నారు: వంగపండు ప్రసాదరావు. ఆయన దగ్గర చిట్టా లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, యంత్రం పక్కన నిలబడ్డ కూలీని పాటకెక్కించారు. 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి పెట్టారు. శ్రీకాకుళ నక్సలైట్ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఆయుధం చేసుకున్నట్టే, వంగపండు ఇక్కడి యాసనూ జాలరి అడుగునూ వేదిక ఎక్కించారు. ఆ రాజకీయ మార్గంతో పొసగని వాళ్ళు కూడా ఆ పాటకు తలూపారు. పుస్తకం చదవని ఇంట్లోకి కూడా వెళ్ళగలిగిన పాట అది. దానికి లెక్కలతో పని లేదని ఒప్పుకుంటాను.

అయితే 2020 ఆగస్టు 4న ఆయన పోయాక మొదలైంది అసలు ప్రశ్న. వందల పాటలు. ఏది ఏ ఊళ్ళో ఎందుకు పుట్టింది, ఏ చరణం ఎప్పుడు మారింది, పక్కన డప్పు ఎవరు వాయించారు? అచ్చులో సాహిత్యం దొరకొచ్చు, గొంతు దొరకదు. జముకుల కథ చెప్పే ముసలివాళ్ళు, తప్పెటగుళ్ళ బృందాల పెద్దలు చెప్పవలసింది వినకుండానే పోగొట్టుకుంటున్నాం. ఉత్సవానికి పిలిచి, శాలువా కప్పి, బస్సు చార్జీ ఇచ్చి పంపడంతో మన బాధ్యత తీరిందనుకుంటున్నాం.

ఇలాంటిచోట ఏం చేయాలో చేసి చూపించిన మనిషి కూడా ఇక్కడివారే. కాళీపట్నం రామారావు (కారా) విశాఖలో హైస్కూలు మాస్టారు, ‘యజ్ఞం’ రాసిన కథకుడు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవార్డుల డబ్బును ఇంటికి వాడుకోకుండా 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పత్రికలో అచ్చయిన కథ సంపుటిలోకి ఎక్కకపోతే ఆ సంచికతోపాటే మాయమవుతుంది. అందుకని ఏ కథ ఏ పత్రికలో ఏ నెలలో వచ్చిందో రాసుకుంటూ, రచయితలకు ఉత్తరాలు రాస్తూ, పాత సంచికలు పోగుచేస్తూ కూర్చున్నారు. తన కథలు రాసుకోవలసిన వయసును పక్కవాళ్ళ కథలు వెతకడానికి ఖర్చుపెట్టారు. దానివల్ల మనకు అందకుండా పోయిన కారా కథలు ఎన్నో అనుకుంటే బాధగానే ఉంటుంది. ఇవాళ తెలుగు కథ మీద పరిశోధన చేసేవాళ్ళు మాత్రం శ్రీకాకుళాన్ని దాటిపోలేరు.

కథకు ఉన్నట్టు పాటకు ఒక నిలయం కావాలి. పార్వతీపురంలో పెడితే బాగుంటుంది. పెద్ద భవనం అక్కర్లేదు. మంచి రికార్డింగ్ యంత్రం, ఊళ్ళు తిరిగే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, వాళ్ళకు నెలనెలా జీతం ఉంటే చాలు. దానికన్నా ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. వచ్చే ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసేటప్పుడు, సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో సవర పిల్లలున్న బడులు ఎన్ని, వాటిలో సవర మాట్లాడగలిగే టీచర్లు ఎందరు, బడివారీగా ఒక జాబితా బయటపెట్టమని జిల్లా అధికారులను అడుగుదాం.