మసి కాలుతుంది.. బూడిద కాలదు: బీఎస్-6 డీజిల్ కారుకు పాత రకం ఆయిల్ పోస్తే ఏమవుతుంది?

దేశమంతా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న. అప్పట్లో కొన్న తొలి డీజిల్ కార్లకు ఇప్పుడు ఐదేళ్లు దాటాయి. చాలా బండ్లకు వారంటీ అయిపోయింది. షోరూం సర్వీస్ బిల్లు భరించలేక ఓనర్లు బయటి మెకానిక్‌ల దగ్గరకు వెళ్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అక్కడ తరచూ వినిపించే ఒక్క మాటతోనే చిక్కు. "డీజిల్ బండే కదా సార్.. 15డబ్ల్యూ-40 పోసేద్దాం!"

పదేళ్ల కిందటి డీజిల్ కారుకు ఆ మాట చాలావరకు చెల్లింది. ఇప్పటి బండికి చెల్లదు. ఎందుకంటే సమస్య ఇంజిన్‌లో కంటే పొగ గొట్టం వైపే ఎక్కువ.

బీఎస్-6తో మారిందేంటి?

బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు మసి వదలొచ్చు. బీఎస్-6లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములే. దాన్ని అందుకోవడానికి కంపెనీలు పొగ దారిలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, అంటే డీపీఎఫ్ పెట్టాయి. తేనెపట్టు లాంటి గదులున్న ఈ ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. కొంత నిండాక ఇంజిన్ కంప్యూటర్ పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు.

ఆయిల్ సంగతి ఇక్కడే మొదలవుతుంది. బండి నడుస్తున్నంతసేపూ కొద్దికొద్దిగా ఆయిల్ సిలిండర్‌లో కాలుతూనే ఉంటుంది. అరుగుదలను, యాసిడ్‌ను ఆపడానికి ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి లోహాలున్న రసాయనాలు కలుపుతారు. ఆయిల్ కాలినా ఆ లోహాలు కాలవు. బూడిదగా మారి డీపీఎఫ్‌లో పేరుకుపోతాయి. మసి రీజనరేషన్‌తో పోతుంది. బూడిద మాత్రం అక్కడే ఉండిపోతుంది. అది పెరిగేకొద్దీ మసికి చోటు తగ్గుతుంది, రీజనరేషన్ మాటిమాటికీ రావాల్సి వస్తుంది. పికప్ పడిపోతుంది, మైలేజ్ తగ్గుతుంది. చివరికి డ్యాష్‌బోర్డ్ మీద లైట్ వెలుగుతుంది.

మరి పాత రకం ఆయిల్‌లో ఆ రసాయనాలు అంత ఎక్కువ ఎందుకు? అప్పటి డీజిల్ వల్లే. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం వరకు ఉండేది. బీఎస్-4లో అది 50కి, బీఎస్-6లో 10కి దిగింది. గంధకం కాలితే యాసిడ్ తయారవుతుంది. దాన్ని విరిచేయడానికే ఆయిల్‌లో అంత డోసు వేసేవారు. ఇప్పుడు బంకులో డీజిల్ మారింది, కారు మారింది. ఆయిల్ ఎంచుకునే అలవాటు మాత్రం చాలాచోట్ల మారలేదు.

డబ్బా మీద ఏం చదవాలి?

చాలామంది చూసేది 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 లాంటి నంబర్లే. అవి ఆయిల్ చిక్కదనం గురించి మాత్రమే చెబుతాయి. బూడిద ఎంత మిగులుతుందో చెప్పవు.

దానికోసం డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఏసీఈఏ గ్రేడ్ చూడాలి. సీ2, సీ3, సీ5 లాంటి 'సీ' గ్రేడ్‌లు డీపీఎఫ్ ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. సీ3 ఆయిల్‌లో బూడిద శాతం 0.8కి మించకూడదు. పాత రకం ఏ3/బీ4లో 1.6 శాతం వరకు ఉండొచ్చు. అంటే దాదాపు రెట్టింపు! రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే రాసి ఉండొచ్చు. ఒకటి ఈ బండికి పనికొస్తుంది, ఇంకొకటి పనికిరాదు.

సీఐ-4, సీకే-4 లాంటి ఏపీఐ గ్రేడ్‌లు ప్రధానంగా లారీలు, బస్సుల్లాంటి పెద్ద ఇంజిన్ల కోసం వచ్చినవి. నంబర్ పెద్దదని కారులో పోసేస్తే సరిపోదు. అలాగే సీ2 అడిగిన ఇంజిన్‌కు సీ3 చెల్లుతుందనీ అనుకోకూడదు. చివరి మాట కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌దే. బీఎస్-4 కారులో డీపీఎఫ్ లేకపోతే మాన్యువల్ చెప్పిన పాత గ్రేడ్ చాలు, ఖరీదైన 'సీ' గ్రేడ్ కోసం అదనంగా పెట్టక్కర్లేదు.

మన ఎండలకు చిక్కటి ఆయిల్ కావాలా?

బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా, 15 డిగ్రీల చలి ఉన్నా, పూర్తిగా వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ మామూలుగా 100 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. రెండో నంబర్ లెక్క అక్కడిదే. పంపు, బేరింగ్‌ల సందులు ఆ నంబర్‌కు తగ్గట్టే డిజైన్ చేస్తారు. మాన్యువల్‌లో లేని చిక్కటి ఆయిల్ పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

చాలా కంపెనీలు చెప్పేది 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. కానీ మీటర్ మొత్తం నిజం చెప్పదు. సిటీ ట్రాఫిక్‌లో గంటకు సగటున 20 కిలోమీటర్లు వెళ్లే కారు ఆ దూరానికి 500 గంటలు నడుస్తుంది. హైవేలో 60 సగటుతో వెళ్లే కారుకు పట్టేది 167 గంటలే. ఇద్దరి ఆయిల్ ఒకేలా అరగదు. అందుకే చాలా మాన్యువళ్లు ఇలాంటి వాడకానికి గడువు తగ్గిస్తాయి.

చిన్న ట్రిప్పుల్లో మరో ప్రమాదం ఉంది. రీజనరేషన్ కోసం చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చల్లుతాయి. మధ్యలో బండి ఆపేస్తే అందులో కొంత జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది! మ్యాక్స్ గీత దాటితే "ఆయిల్ బాగానే ఉంది" అని సంబరపడకూడదు, వెంటనే మార్చాలి. అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట 20 నిమిషాలు ఒకే వేగంతో నడిపితే రీజనరేషన్ పూర్తవడానికి వీలుంటుంది.

కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడితే మాత్రం కంగారొద్దు. డీజిల్ ఇంజిన్‌లో మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే. రంగు చూపించి ముందే మార్చమంటే ఒప్పుకోనక్కర్లేదు.

మార్చేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

* సీల్ ఉన్న డబ్బా కళ్లముందే తెరిపించాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టిస్తే నకిలీ ఆయిల్ నింపడానికి పనికిరాదు.
* ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తవి వేయించాలి.
* పోశాక ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాల తర్వాత చదునైన చోట మట్టం చూడాలి.
* బిల్లు మీద ఆయిల్ పేరుతో పాటు గ్రేడ్ కూడా రాయించుకోవాలి.
* తీసిన ఆయిల్‌ను కాలువలో పోయడం, సెంట్రింగ్ చెక్కలకు పూయడం సరికాదు. అది చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత ఆయిల్ తయారీ, దిగుమతి కంపెనీలపైనా పడింది.

భారం ఎవరిపై?

డీపీఎఫ్ మూసుకుపోయాక కొందరు చెప్పే షార్ట్‌కట్ "పీకేద్దాం" అని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడం నేరుగా చిక్కుల్లో పడటమే. పైగా ఆ మసి వెళ్లేది మన వీధిలోకే. కొత్త డీపీఎఫ్ వేయిద్దామంటే చాలా మోడళ్లలో ఇన్నేళ్ల ఆయిల్ ఖర్చంతా కలిపినా ఆ బిల్లుకు చాలదు.

నిబంధన ఢిల్లీలో మారింది, రిఫైనరీలో మారింది, ఫ్యాక్టరీలో మారింది. ఆయిల్ షాపు కౌంటర్ దగ్గరకు మాత్రం పూర్తిగా చేరలేదు. గ్రేడ్ సంగతి డబ్బా వెనక చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే మిగిలిపోయింది. అది తెలుగులో, పెద్ద అక్షరాల్లో వచ్చేదాకా మాన్యువల్ తెరిచి చూసే పని ఓనర్‌దే.