పనికి తగిన పరికరం

మానవుడు తన పనికి తగిన పరికరాన్ని ఎన్నుకోవడంలో చూపిన వివేకమే నాగరికతకు తొలి మెట్టు. నేల స్వభావాన్ని బట్టి రైతు నాగలిని ఎన్నుకున్నాడు. పని సున్నితత్వాన్ని బట్టి స్వర్ణకారుడు సుత్తిని ఎన్నుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసుకొని పాలించిన కాలంలో, ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన కావ్యాలకు ఆధారం తాటాకే. ఆకు నాణ్యతను చూడని లేఖకుని శ్రమ చివరికి పురుగుల పాలవుతుంది. నేటి విద్యార్థికి ల్యాప్‌టాప్ తాటాకూ, గంటమూ, గ్రంథాలయమూ కలిసిన పరికరం. కనుక దాని ఎంపికలోనూ అంతటి వివేకం అవసరం.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప పండించే కుటుంబాలకు ఈ ఎంపిక మరింత బరువైనది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడి సరిహద్దులు మారినా, ఈ నేలమీది ఆదాయరీతి మారలేదు. ఇక్కడ డబ్బు నెలనెలా రాదు. పంట యార్డుకు చేరినప్పుడే ఇంటికి చేరుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ లెక్కన 35,000 రూపాయల ల్యాప్‌టాప్ దాదాపు మూడు క్వింటాళ్ల ఎండుమిర్చికి సమానం. 2025-26లో పొడవు పింజ పత్తికి ప్రకటించిన 8,110 రూపాయల మద్దతు ధరతో లెక్కిస్తే అది నాలుగు క్వింటాళ్లకు పైమాటే. మండుటెండలో కాయ కోసిన కూలీల శ్రమ, తల్లిదండ్రుల నిద్రలేని రాత్రులు ఆ సంఖ్యలో ఇమిడి ఉన్నాయి. అంత సొమ్మును దుకాణంలో పది నిమిషాల మాటలకు అప్పగించడం న్యాయం కాదు.

ఈ ఎంపిక ఒకప్పుడు రాష్ట్రమంతటా తల్లుల ముందుకు వచ్చింది. 2021 జనవరిలో అమ్మ ఒడి పథకం కింద తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే విద్యార్థులకు నగదుకు బదులుగా ల్యాప్‌టాప్ కోరుకునే వీలు కల్పిస్తామని నాటి ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏర్పాటు ఆచరణకు రాలేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ ప్రారంభమైంది. పథకాలు వస్తాయి, మారుతాయి. కాని నగదా, పరికరమా, పరికరమైతే ఏది అనే ప్రశ్న ప్రతి ఇంటిలోనూ మిగిలే ఉంటుంది.

ముందుగా తేల్చుకోవలసినది, అసలు ల్యాప్‌టాప్ ఇప్పుడే కావాలా అన్న విషయం. ఎంసెట్ 2017 నుంచి మన రాష్ట్రంలో కంప్యూటరు మీద జరుగుతున్నది. 2021లో దాని పేరు ఈఏపీసెట్‌గా మారింది. జేఈఈ మెయిన్ 2019లో ప్రశ్నపత్రం, పెన్ను పద్ధతికి దాదాపుగా స్వస్తి చెప్పింది. మౌసు పట్టడం రాని విద్యార్థి ఆ పరీక్షాకేంద్రంలో చదువు ఉండీ తడబడతాడు. అయితే ఆ అభ్యాసానికి కళాశాల ప్రయోగశాలలో వారానికి కొన్ని గంటలు చాలవచ్చు. పాఠ్యపుస్తకాలే ప్రధానమైన ఇంటర్మీడియట్ రెండేళ్లలో అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనడం కంటే, డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరే నాటికి చేరబోయే కోర్సును బట్టి కొనడం ఎక్కువ సందర్భాల్లో మేలు. నేడు కొన్న పరికరం రెండేళ్లలో పాతబడి, నిజమైన అవసరం వచ్చేసరికి చాలక పోవచ్చు. పదును చూడక విత్తనం జల్లరాదన్న సేద్యనీతి ఇక్కడా వర్తిస్తుంది.

కొనవలసిన అగత్యమే ఉంటే, మొదటి పని దుకాణానికి వెళ్లడం కాదు. ఒక కాగితం మీద పనుల జాబితా రాసుకోవడం. పాఠాల వీడియోలు చూడటం, వ్యాసాలు టైపు చేయడం, దరఖాస్తులు పూర్తి చేయడం, లెక్కల పట్టికలు వేయడం, కొద్దిపాటి ప్రోగ్రాములు రాయడం, మీభూమిలో తండ్రి అడంగల్ చూడటం — సామాన్య విద్యార్థి నిత్యకృత్యం ఇంతే. ఈ పనులకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. అది పాటలీపుత్రానికి పల్లకి కావలసిన చోట పట్టపుటేనుగును కొన్నట్లు. ఆటల కోసం రూపొందించిన బరువైన యంత్రం ఎక్కువ వేడిని, తక్కువ బ్యాటరీ కాలాన్ని ఇస్తుంది.

ల్యాప్‌టాపు పెట్టె మీది అంకెలను చూసి గ్రామీణ విద్యార్థి జంకనవసరం లేదు. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం రూపొందించిన 334 రకానికీ, తేజ రకానికీ గల భేదం ఈ ప్రాంతపు రైతుబిడ్డకు తెలుసు. రంగు, కారం, తేమ, తాలు శాతం చూసి ధర చెప్పగల ఇంటిలో పుట్టినవారికి నాలుగు సాంకేతిక పదాలు తెలుసుకోవడం కష్టం కాదు. ప్రాసెసర్ పనిచేసే కూలీ వంటిది. ర్యామ్ కాయలు ఆరబోసే కళ్లం వంటిది. అది ఎంత విశాలమైతే అన్ని పనులు ఏకకాలంలో పరచుకోవచ్చు. నిల్వస్థలం శీతల గిడ్డంగి వంటిది. కరెంటు పోయినా అందులోని సరుకు చెడదు. కూలీ ఎంత చురుకైనవాడైనా కళ్లం ఇరుకైతే పని సాగదు.

ఈ పోలికను అంకెల్లో చెప్పాలంటే, నిత్యావసరాలకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ లేదా అంతకు మించిన ఎస్ఎస్‌డీ కనీసపు కొలతలుగా భావించాలి. విండోస్ 11 నడవడానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ చాలునని తయారీదారు చెప్పిన మాట నిజమే. అది యంత్రం మొదలు కావడానికి చాలే కొలత. నాలుగేళ్లు హాయిగా పనిచేయడానికి చాలేది కాదు. పాత హార్డ్ డిస్కులో తిరిగే పళ్లెం ఉంటుంది. కుదుపుకు చెడుతుంది, వేగం తక్కువ. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. చౌక యంత్రాలలో ఇఎంఎంసి అనే నిల్వ ఉంటే అది సాధారణంగా ఎస్ఎస్‌డీ కంటే నెమ్మది, పెంచుకునే వీలూ అరుదు. తరువాత ర్యామ్ పెంచుకోవచ్చునా అని దుకాణదారుని తప్పక అడగాలి. ఆ ఒక్క ప్రశ్న పరికరం ఆయుస్సును రెండేళ్లు పొడిగించగలదు.

కొనుగోలులో స్థలకాలాలను కూడా గమనించాలి. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలిసినదే. పత్తి తీసే రోజుల్లో నూగు, మిరప ఆరబోసే రోజుల్లో ధూళి ఇంటింటా చేరుతాయి. యంత్రం అడుగున ఉండే గాలి రంధ్రాలు మూసుకుంటే లోపలి వేడి బయటకు పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడకపోవడం, పని లేనప్పుడు సంచిలో ఉంచడం ఖర్చులేని రక్షణలు. మసక వెలుగు తెర వరండాలో పనికిరాదు గనుక, వీలైతే దుకాణపు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తెరను చూడాలి. 1920, 1080 చుక్కల కొలత గల తెర మీద అక్షరాలు కంటికి శ్రమ ఇవ్వవు. కీబోర్డు మీద ఒక పేరా టైపు చేసి చూడాలి. కెమెరా, మైకు, ఛార్జరు తీగ బిగువు పరీక్షించాలి. కోత సమయాలు ఎక్కువగా ఉండే గ్రామంలో బ్యాటరీ సామర్థ్యం ప్రాసెసర్ వేగం కంటే విలువైనది.

చౌకదనమే పరమలక్ష్యమైతే ఏమవుతుందో చరిత్ర చెప్పింది. 2005లో అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రోపాంటే పేదదేశాల పిల్లల కోసం 100 డాలర్ల ల్యాప్‌టాప్ ఆశయాన్ని ప్రపంచం ముందుంచాడు. 2007లో ఉత్పత్తి మొదలయ్యేసరికి ధర దాదాపు రెట్టింపయింది. అయినా ఎండలో కనిపించే తెర, దుమ్ము చొరని కీబోర్డు రూపొందించడంలో ఆ ప్రయత్నం ఒక మంచి పాఠం నేర్పింది: పరికరం అది ఉండబోయే చోటుకు తగినట్లుండాలి. మన దేశంలో 2011 అక్టోబరు 5న విడుదలైన ఆకాశ్ ట్యాబ్లెట్ మరో పాఠం. అతి తక్కువ ధర దాని కీర్తికి కారణమైతే, 256 ఎంబీ ర్యామ్, మందంగా స్పందించే తెర, త్వరగా తరిగిపోయే బ్యాటరీ దాని అపకీర్తికి కారణమయ్యాయి. ధర తగ్గించడం గొప్ప ఆశయమే. పని జరగని పరికరానికి ఇచ్చిన ప్రతి రూపాయీ మాత్రం నష్టమే.

వాడిన ల్యాప్‌టాప్ కొనడం తప్పు కాదు. కార్యాలయాలు మార్చివేసిన దృఢమైన యంత్రాలు చౌకగా దొరుకుతాయి. కాని ఒక సంగతి మరువరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ యంత్రాలలో సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తరువాతిది ఉండాలి. అంతకంటే పాత యంత్రం ఎంత మెరిసినా, భద్రతా సవరణలు అందని ఇల్లు తలుపు లేని ఇల్లే. అటువంటి యంత్రం చేతికి వస్తే ఉచితంగా లభించే లినక్స్ వ్యవస్థను స్థాపించుకోవచ్చు. దానిలో వ్యాసాలకు, పట్టికలకు లిబ్రే ఆఫీసు ఉంది. దానికీ రుసుము లేదు. కొత్త యంత్రానికి వేల రూపాయల ఆఫీసు సాఫ్ట్‌వేరు అంటగట్టే ముందు విద్యార్థి ఈ మార్గాన్ని తెలుసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి మరొక పరీక్ష చేయాలి. యూనికోడ్ వచ్చిన తరువాత తెలుగు రాయడానికి ప్రత్యేక యంత్రం అవసరం లేదు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిద్ధంగా ఉంటుంది. కొన్ననాడే దానిని అమర్చుకొని ఒక పుట తెలుగులో రాసి చూడటం మంచిది. మాతృభాష పలకని పరికరం ఎంత వేగమైనదైనా ఆ ఇంటి పరికరం కాలేదు.

విత్తనాల కొనుగోలులో ఈ ప్రాంతపు రైతులు కన్నీటితో నేర్చిన పాఠం ఒకటి ఉంది. సంచి మీది లాట్ నంబరు, దుకాణపు రసీదు లేనివాడికి పంట పోయినప్పుడు అడిగే హక్కు నిరూపించుకోవడం కష్టం. ల్యాప్‌టాపుకూ ఇదే నీతి. జీఎస్టీ సంఖ్య గల బిల్లు తీసుకోవాలి. బిల్లు మీద యంత్రం వరుస సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు ఉన్నదో లేదో పరిశీలించాలి. వారంటీ ఎన్నేళ్లు, బ్యాటరీకి ఎంతకాలం, సేవాకేంద్రం గుంటూరులో ఉందా, ఒంగోలులో ఉందా, ఇంటికే వచ్చి బాగుచేస్తారా అని అడగాలి. దగ్గరలో సేవాకేంద్రం లేని చౌక యంత్రం, బాగుచేయించడానికి రెండు రోజుల కూలి పోగొడుతుంది. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఈ నాలుగంకెలు బిల్లు వెనుక రాసి ఉంచుకోదగినవి.

తోటివారి ముందు చిన్నబోతామన్న భయం యువతను తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. మూత మీది మెరుపును, ప్రకటనలోని సినిమా తారను చూసి కొన్న యంత్రం పై పటారం లోన లొటారం కావచ్చు. వడ్డీ లేని వాయిదాలన్న మాట విన్నప్పుడు, రుసుములతో కలిపి మొత్తం ఎంత కట్టాలో, వాయిదా తేదీకి ఇంటిలో పంట డబ్బు ఉంటుందో లేదో లెక్కించాలి. నెలజీతగాడికి కుదిరిన వాయిదా మిరప రైతుకు కుదరదు. ల్యాప్‌టాప్ లేని విద్యార్థిని చిన్నచూపు చూడటం ఎంత తప్పో, ఇంటి శక్తికి మించిన ల్యాప్‌టాప్ కోసం తల్లిదండ్రులను ఒత్తిడి చేయడమూ అంతే తప్పు.

చాలా ఇళ్లలో ఈ యంత్రాన్ని గురించి తెలిసినవాడు విద్యార్థి ఒక్కడే. డబ్బు తండ్రిది, నమ్మకం తల్లిది, జ్ఞానం బిడ్డది. అందువల్ల ఎంపిక బాధ్యత కూడా బిడ్డదే. పొలంలో విత్తనం ఎన్నుకునే నాడు తండ్రి నలుగురిని అడుగుతాడు, గింజను అరచేతిలో పోసుకొని చూస్తాడు, రసీదు భద్రపరుస్తాడు. ఆ పరిశీలన, ఆ ఓర్పు, ఆ లెక్క విద్యార్థికి వారసత్వంగా ఉన్నవే. అవసరాన్ని ముందు నిర్ణయించుకొని, కొలతలు తెలుసుకొని, చేతితో పరీక్షించి, హక్కులను కాపాడుకొని కొన్న సాధారణమైన ల్యాప్‌టాప్ చదువు పూర్తయ్యే వరకు తోడు నిలుస్తుంది. మూడు క్వింటాళ్ల మిర్చికి అంతకన్న గౌరవప్రదమైన మారకం లేదు.