బదిలీ సర్కారుది.. మరి కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది?

ప్రభుత్వం ఆఫీసునే వేరే ఊరికి మార్చేస్తే ఉద్యోగి వెళ్లాల్సిందే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు సామాన్లు సర్దుకుంటే సరిపోతుంది. సొంతిల్లు ఉన్నవాళ్ల సంగతేంటి? పాతది అమ్మాలి, కొత్త ఊళ్లో ఇంకోటి కొనాలి. కమీషన్లు, లాయర్ ఫీజు, రిజిస్ట్రేషన్.. ఇదంతా ఎవరు భరించాలి?

అమెరికాలో చాలామంది ఉద్యోగులు ఇప్పుడు ఇదే లెక్క వేసుకోవాల్సి వస్తోంది. వాషింగ్టన్ పరిసరాల్లో ఉన్న సుమారు 4,600 మంది సిబ్బందిని 2,000కు మించకుండా తగ్గిస్తామని అక్కడి వ్యవసాయ శాఖ 2025 జులై 24న ప్రకటించింది. రాలీ, కాన్సస్ సిటీ, ఇండియానాపొలిస్, ఫోర్ట్ కాలిన్స్, సాల్ట్ లేక్ సిటీల్లో ఐదు కేంద్రాలు పెట్టి, మిగతావాళ్లను అక్కడికి పంపాలన్నది ప్లాన్.

రూల్ ఏం చెబుతోంది?

ఫెడరల్ ట్రావెల్ రెగ్యులేషన్ ప్రకారం, ప్రభుత్వ అవసరం కోసం బదిలీ అయిన ఉద్యోగికి ఇల్లు అమ్మిన, కొన్న ఖర్చులు తిరిగి వస్తాయి. పాత ఇల్లు అమ్మకపు ధరలో 10 శాతం, కొత్త ఇంటి ధరలో 5 శాతం గరిష్ఠ పరిమితి. అంటే 4 లక్షల డాలర్లకు ఇల్లు కొంటే 20 వేల డాలర్ల వరకు క్లెయిమ్ చేసుకోవచ్చు. అదీ నిజంగా అయిన ఖర్చుకు మాత్రమే.

షరతులూ ఉన్నాయి. బదిలీ తర్వాత కనీసం 12 నెలలు సర్వీసులో ఉంటానని ముందే సంతకం పెట్టాలి. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి కట్టాలి. కొత్త చోట డ్యూటీలో చేరిన ఏడాదిలోపు అమ్మకం, కొనుగోలు పూర్తవ్వాలి. కారణం చూపిస్తే ఇంకో ఏడాది వరకు గడువు ఇవ్వొచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు ఇది వర్తించదు.

ఏవి రావు?

అసలు దెబ్బ ఇక్కడే. హోమ్ లోన్ వడ్డీ, ఆస్తి పన్ను, మెయింటెనెన్స్ ఖర్చు రావు. మార్కెట్ పడిపోయి ఇల్లు నష్టానికి అమ్మినా ఆ నష్టం ఉద్యోగిదే. తక్కువ వడ్డీ ఉన్న పాత లోన్ తీర్చేసి, ఎక్కువ వడ్డీకి కొత్తది తీసుకుంటే ఆ తేడా కూడా సొంత జేబులోంచే.

పైగా డబ్బు ఇస్తే అందరూ కదులుతారన్న గ్యారంటీ లేదు. ట్రంప్ తొలి హయాంలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ హెడ్ ఆఫీసును కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌కు మార్చారు. వాషింగ్టన్ నుంచి తరలించాలనుకున్న 328 పోస్టుల్లో 287 మంది రిటైర్ అయ్యారు లేదా వేరే ఉద్యోగం చూసుకున్నారు. బదిలీకి ఒప్పుకున్నది 41 మందే. గ్రాండ్ జంక్షన్‌కు వెళ్లింది ముగ్గురే! పిల్లల చదువు, జీవిత భాగస్వామి ఉద్యోగం లాంటివి ఏ బిల్లులోనూ పెట్టలేం కదా.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

కేంద్ర ఉద్యోగికి బదిలీపై సామాన్ల రవాణా, ప్రయాణ ఖర్చుతో పాటు బేసిక్‌లో 80 శాతం ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ ఇస్తారు. బేసిక్ 56,100 ఉంటే వచ్చేది 44,880 రూపాయలు. ఆ ఉద్యోగి విజయవాడ వచ్చి 60 లక్షల ఫ్లాట్ కొంటే? ఏపీలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే 4.5 లక్షలు! గ్రాంట్ అందులో పదో వంతే. ఇల్లు కట్టుకోవడానికి, కొనడానికి ఇచ్చే అడ్వాన్స్ ఉంది కానీ, అది వడ్డీతో తీర్చాల్సిన అప్పు.

2016లో ఏపీ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి మారినప్పుడు ప్రభుత్వం 30 శాతం హెచ్‌ఆర్‌ఏ, ఐదు రోజుల పని వారం, ఉచిత వసతి ఇచ్చింది. ఇవన్నీ తాత్కాలికంగా ఉండటానికి పనికొచ్చేవే తప్ప, అక్కడే స్థిరపడటానికి కావు. చాలామంది కుటుంబాలను హైదరాబాద్‌లోనే ఉంచి వారాంతాల్లో రైలెక్కారు.

ప్రతి బదిలీకీ ఇంటి ఖర్చు ఇవ్వడం మన దగ్గర సాధ్యం కాదు. మూడేళ్లకోసారి బదిలీ అయ్యే ఉద్యోగాలు బోలెడు, దుర్వినియోగం భయమూ ఉంది. కానీ రాజధానో, మొత్తం ఆఫీసో మారినప్పుడు.. సర్వీసులో ఒక్కసారి, ఒక పరిమితి పెట్టి, బాండ్ రాయించుకుని ఇవ్వొచ్చు. ఆ 7.5 శాతంలో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ పోగా మిగిలే 6 శాతం వెళ్లేది రాష్ట్ర ఖజానాకే. తానే కదిలించిన సొంత ఉద్యోగి దగ్గర వసూలు చేసిన ఫీజులో కొంత వెనక్కి ఇస్తే ఖజానాకు పెద్ద లోటేమీ రాదు. ఉద్యోగికి మాత్రం కొత్త ఊళ్లో సొంతిల్లు కొనాలా, వారం వారం రైలెక్కాలా అన్న నిర్ణయం దగ్గర అది పెద్ద మొత్తమే.