మార్చే హక్కు ఎవరిది?

స్త్రీల సంఘాల ఆఫీసుల్లో ఇప్పుడు గొప్పగా వినిపిస్తున్న మాట, 'అందరం కలిసే రాస్తున్నాం' అని. నిజమే, గూగుల్ డాక్స్‌లో ఒకే కాగితం మీద ఒకేసారి పదిమంది రాయొచ్చు. గాజువాకలో కార్యకర్త రాసింది ఆ క్షణమే హైదరాబాద్‌లో కనిపిస్తుంది. పని త్వరగా అవుతుంది. కానీ ఆ కాగితం మీద అందరికీ సమాన హక్కు ఉందా?

నేను పనిచేసిన ఒక సంస్థలో జరిగింది చెప్తాను. కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేసే ఒకామె వచ్చి, "మేస్త్రి సెయ్యట్టుకు లాగీసినాడు. ఎవలికైనా సెప్తే రేపట్నుంచి పన్లోకి రావొద్దన్నాడు" అంది. ఆమెకు రాయడం రాదు. చెప్పింది చెప్పినట్టే నేను రాశాను. వారం తర్వాత తెరిచి చూస్తే అక్కడ 'పర్యవేక్షకుడి అనుచిత ప్రవర్తన' అని ఉంది. చెయ్యి పట్టుకోవడం లేదు, బెదిరింపూ లేదు. అడిగితే, "రిపోర్టు పంపాలి కదా, భాష బాగుచేశాం" అన్నారు. భాష బాగుపడింది గానీ సాక్ష్యం పోయింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో మూడు మెట్లున్నాయి: చూడటం, పక్కన వ్యాఖ్య రాయడం, మార్చడం. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులోనే నమోదవుతుంది. కానీ మార్చే హక్కు లేనివాళ్లకు ఆ చరిత్ర కనిపించదు. నాకా హక్కు ఉంది కాబట్టి తెలిసింది. నాతోపాటు బస్తీలు తిరిగే తక్కిన ఆడవాళ్లది చూసే మెట్టే.

1997 సుప్రీంకోర్టు తీర్పుకు విశాఖ అని పేరు. అది మన ఊరి కేసు కాదు, రాజస్థాన్‌ది. దాని బాటలో వచ్చిన 2013 చట్టం, రాయలేని స్త్రీ ఫిర్యాదును రాతలో పెట్టడానికి కమిటీ సాయం చెయ్యాలంటుంది. సాయమంటే ఆమె మాట రాయడమే, మన మాట ఆమె నోట్లో పెట్టడం కాదు. అదే చట్టం 16వ సెక్షన్, ఫిర్యాదునూ పేర్లనూ బహిరంగపరచకూడదంటుంది. మరి లింకు దొరికిన ఎవరైనా తెరిచేలా ఆ కాగితాన్ని వదలడం ఏమిటి?

నేను సాఫ్ట్‌వేర్ వద్దనడం లేదు. స్త్రీ చెప్పిన మాటలు ఎవరూ మార్చొద్దు, చెప్పాల్సింది ఉంటే పక్కన రాయండి. పేర్లు లింకుల్లో తిప్పకండి. పంపేముందు ఆమెకు చదివి వినిపించండి.

చదివి చెప్పకుండా కాంట్రాక్టరు వేలిముద్రలు వేయించుకుంటే మనం గొడవ చేస్తాం. ఆమెకు వినిపించని మన రిపోర్టు ఆ కాగితం కంటే ఏ విధంగా మెరుగు?