ఒక్క గడియారాన్ని నమ్మరాదు

కంప్యూటర్లకు వేళ చెప్పే టైమ్ సర్వరును ఎట్లా ఎంచుకోవాలని అడిగితే మన నిపుణులలో చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: "ప్రభుత్వ సంస్థది, స్ట్రాటమ్ ఒకటి ఉన్నది చూసుకోండి, ఇక నిశ్చింత." ఈ సలహా తప్పని నా వాదం.

మొదట స్ట్రాటమ్ సంగతి. అణుగడియారానికో జీపీఎస్ రిసీవరుకో నేరుగా తగిలించిన సర్వరుది ఒకటో అంతస్తు. దాన్ని చూసి సరిదిద్దుకునేదానిది రెండోది. అది దూరం చెప్పే అంకె, సత్యాన్ని కొలిచే అంకె కాదు. పైగా దాన్ని జవాబులో వ్రాసి పంపేది ఆ సర్వరే. తన యోగ్యతాపత్రం తానే వ్రాసుకున్నవాణ్ణి మరే వ్యవహారంలోనైనా నమ్ముతామా?

ఇక పేరుప్రతిష్ఠలు. ఈ రంగంలో అమెరికా నౌకాదళ ఖగోళశాలది చిన్న పేరు కాదు. అయినా 2012 నవంబరు 19న టిక్, టాక్ అనే దాని సర్వర్లు కొంతసేపు 2000 సంవత్సరాన్ని ప్రకటించాయి. వాటినే నమ్ముకున్న కార్యాలయాలలో కంప్యూటర్లు పన్నెండేళ్ళు వెనక్కు పోయి లాగిన్లు స్తంభించాయి. ఇందులో వంచకుడెవడూ లేడు. 2020లో ప్రమాణమైన ఎన్‌టీఎస్ భద్రత ఆనాడే ఉన్నా ఆదుకునేది కాదు. ఉత్తరం ఎవరు పంపారో ముద్ర చెబుతుంది. లోపలిది నిజమో కాదో చెప్పదు.

మరి దేన్ని నమ్మాలి? సాక్షుల ఏకాభిప్రాయాన్ని. సర్వరు ఒక్కటే అయితే పోల్చి చూసే దిక్కు లేదు. రెండైతే, తేడా వచ్చినప్పుడు తప్పెవరిదో తేలదు. మూడుంటే ఒక అబద్ధీకుణ్ణి పట్టవచ్చు. మూడింటిలో ఒకటి మూగబోతే మళ్ళీ రెండే కనుక నాలుగు కావాలి. 2019 నాటి ఐఈటీఎఫ్ మార్గదర్శకం చెప్పిందీ ఇదే. ఆ నలుగురూ వేర్వేరు ఇళ్ళవారై ఉండాలి. ఒకే రిసీవరును చూసి చెప్పే నాలుగు సర్వర్లు ఒక్క సాక్షి క్రిందే లెక్క.

మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ సంస్థ, గడియారాలను ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లకు గానీ, వాటితో ముడిపడినవాటికి గానీ కలపమని ఆదేశించింది. దేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం ఉండాలనడం సబబే. ఆ ఆదేశాన్ని చూపి "ఇక పరీక్ష అనవసరం" అనడమే నా ఆక్షేపణ. అనుసరించకుండా కేవలం గమనించడానికి ఇతర సర్వర్లను పెట్టుకునే 'నోసెలెక్ట్' వసతి ఎన్‌టీపీడీలోనూ, క్రోనీలోనూ ఉంది. విధేయతకు పరీక్ష అడ్డు కాదు.

"కొన్ని నిమిషాల తేడాకే ఇంత రాద్ధాంతమా?" అనేవారికి ఒక్క మనవి. రేపు ఏదో నేర విచారణలో, ఫలానా వేళకు ఫలానావాడు లోపలికి వచ్చాడని సాక్ష్యమిచ్చేది లాగులోని గడియారమే. ఆ సాక్షిని ఎవరూ అడ్డుప్రశ్న వేయకపోతే, శిక్ష అనుభవించేది గడియారం కాదు.