మూగప్రాణుల ముచ్చట్లు: కుక్క మూత్రాశయంలో రాయి

ఆరేళ్లుగా ఒక్కనాడూ ఇల్లు పాడుచేసి ఎరుగని మా చిన్ని, ఒకనాటి ఉదయం వంటింటి గడపలోనే మూత్రం పోసింది. కోపం పట్టలేక రెండు తగిలించాను. మర్నాడూ అంతే. మూడోనాడు తుడవబోతే గుడ్డకు ఎర్రటి జీర అంటింది. పశువైద్యుడు ఎక్స్‌రే తీసి, మూత్రాశయంలో రాయి ఉన్నదన్నారు. నేను చేసిన పొరపాటు మన చదువరులలో మరొకరు చేయకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కుక్క మాటిమాటికి కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, ముక్కుతున్నా, నెత్తురు పడుతున్నా, ఆ చోటనే నాకుకుంటున్నా అది అల్లరి కాదు, జబ్బు అని గ్రహించాలి. మగకుక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాని మూత్రనాళం సన్నం. పైగా లింగంలో ఒక ఎముక ఉంటుంది; జారివచ్చిన రాయి అక్కడ ఇరుక్కుంటుంది. ఎంత ముక్కినా చుక్క రాకపోతే తెల్లవారనిద్దామని ఆగరాదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

రాళ్లన్నీ ఒకటి కావు. స్ట్రూవైట్ అనే రాయి ఎక్కువగా ఆడకుక్కలకు, మూత్రంలో సూక్ష్మక్రిములు చేరినందువల్ల ఏర్పడుతుంది. దీనిని కోతలేకుండానే కరిగించవచ్చు. వైద్యుడు చెప్పిన ప్రత్యేకాహారం, క్రిములను చంపే మందు కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు సాగాలి. క్రిములు రాతి పొరలలోనే దాగి ఉంటాయి గనుక, కుక్క హుషారుగా ఉన్నదని మందు మధ్యలో మానరాదు. కాల్షియం ఆక్సలేట్ రాయి ఏ ఆహారానికీ కరగదు. చిన్నవైతే నీటితో కడిగి తీస్తారు. పెద్దవైతే శస్త్రచికిత్సే గతి. డాల్మేషియన్ జాతికి పుట్టుకతోనే యూరేట్ రాళ్ల బెడద ఉన్నది. ఇవి మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అల్ట్రాసౌండ్ పరీక్ష కావాలి. తీసిన రాయిని పారవేయక పరీక్షకు పంపించండి. ఇకముందు ఏమి పెట్టాలో, ఏమి మానాలో తేల్చేది అదే.

మనుషులకు వాడే ఉలవకట్టు, అరటిదూట రసం, కొండపిండి ఆకు కుక్కకు పట్టి కాలయాపన చేయవద్దు. చెన్నై వేపేరిలో 1903లో ఏర్పడిన కళాశాల, బెంగుళూరు హెబ్బాళలోని కళాశాల వంటి పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి. దగ్గరలో ఉన్నవారు వాటిని ఉపయోగించుకోవచ్చు.

నయమైన తరువాత కూడా రాయి మళ్లీ రావచ్చు. ఇంట్లో రెండు మూడు చోట్ల మంచినీళ్లు పెట్టండి. వైద్యుడు చెప్పిన తిండిలో కాస్త నీరు కలిపి పెట్టండి. మన పచ్చళ్లూ, మిగిలిన చారన్నమూ వేయకండి. మూత్రం బిగబట్టుకోనీయక రోజుకు నాలుగైదుసార్లు బయటికి తిప్పండి. వైద్యుడు చెప్పిన గడువుకు మూత్రపరీక్ష మరువవద్దు.

మా చిన్నిది స్ట్రూవైట్ రాయి. పది వారాలకు కరిగిపోయింది. ఇప్పుడు మునుపటిలాగే గడప దాటి బయటికే పోతున్నది. కాని నేను దండెం మీది తువ్వాలు అందుకోవడానికి చెయ్యెత్తినా సరే, చెవులు వాల్చుకుని వెనక్కు జరుగుతుంది. ఆ జబ్బుకు మాత్రం మందు నా దగ్గరనే ఉన్నది, నిదానంగా వేసుకుంటున్నాను.